నాన్న బాగుందన్న రేకు

అది అద్దం కాదు, చెక్క కాదు, పశువుల పాకల మీద వేసే ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకూ కాదు. మరేమిటని అడిగితే, ఇరవై ఏళ్ళుగా ఒడిశాలోని బరంపురంలో ఇళ్ళకీ దుకాణాలకీ లోపలి అమరిక చేసి బతుకుతున్న నేను కూడా ఒక్క మాటలో చెప్పలేను. రెండు పల్చటి ఫైబర్ పొరలు, వాటి మధ్య తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ప్లాస్టిక్, అంతా కలిపి అతికించిన పలక. బొటనవేలంత మందం ఉంటుంది. తలుపంత ముక్కని నేనొక్కదాన్నే ఎత్తి పక్కన పెట్టగలను. వెలుతురుని రానిస్తుంది, చూపుని రానివ్వదు. వెనక మనిషి నిలబడితే ఎవరో ఉన్నారని తెలుస్తుంది గానీ, ఎవరన్నది తెలియదు.

నమూనాల పెట్టె మొదటిసారి పార్సిల్లో వచ్చిన రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను. అన్నీ అరచేయంత ముక్కలు. పాలరంగువి, లేత నీలానివి, మధ్యలో ఎండుగడ్డి పరకలు పెట్టి అతికించినవి. ఒక్కొక్కటీ కిటికీకి ఆనించి, వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఐదు వేళ్ళూ కనిపించాయి, వాటి మీది గీతలూ ముడతలూ కనిపించలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ చెయ్యి అలా కనిపిస్తే ఎవరికి మాత్రం బాగుండదు? దీన్ని ఎక్కడ పెట్టినా బాగుంటుందని ఆ పూటే తీర్మానించేశాను. తొందరపాటుకి మా ఇంట్లో నాది పెట్టింది పేరు.

మా వడ్రంగి దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి విని, "దీనికి మేకు కొట్టాలా, అద్దంలాగ రబ్బరు పెట్టి బిగించాలా?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని వడ్రంగి ముందు ఒప్పుకోవడం ఎలా? "రెండూ" అన్నాను.

మొదటి పలకని పొలసరలో, ఒక తెలుగు బియ్యం వ్యాపారి ఇంట్లో స్నానాలగది తలుపుగా బిగించాం. వారం తిరక్కుండా ఆ ఇంటి పెద్దావిడ ఫోను చేసింది. "ఏటమ్మా, నువ్వెట్టింది తలుపా, సినిమా తెరా? నాను నీల్లోసుకుంటే వసారాలో కూకున్నోల్లందరికీ అవుపడతన్నాను." లోపలి దీపం ఆపేసి స్నానం చేస్తే నీడ పడదని సలహా ఇచ్చాను. "దీపం ఆపితే నాకు సబ్బెలాగ అవుపడతాది?" అని ఫోను పెట్టేసింది. నెల తర్వాత వెళ్ళి చూస్తే, తలుపుకి లోపలివైపు పాత దుప్పటి ఒకటి నాలుగు మూలలా మేకులతో దిగ్గొట్టి ఉంది. ఆ పలకకి మేకు కొట్టచ్చని నాకు అలా తెలిసింది.

మా వృత్తిలో దాన్ని ప్యానెల్ అంటాం. వడ్రంగి షీటు అంటాడు. నాన్న రేకు అన్నాడు, ఇంట్లో అదే ఖాయమైపోయింది.

మాది పట్టుచీరల దుకాణం, తాతల నాటినుంచి బరంపురంలోనే. ఇక్కడి పాతవీధుల్లో ఇళ్ళు వీధివైపు సన్నగా, లోపలికి పొడుగ్గా, రైలు పెట్టెల్లా ఉంటాయి. పక్కింటి గోడా మన గోడా ఒకటే కాబట్టి కిటికీ పెట్టడానికి చోటుండదు. వీధిగుమ్మం దాటాక నాలుగు బీరువాలు, ఆ తర్వాత నడిమిల్లు. తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద చీరలు విప్పి చూపించేది ఆ నడిమింట్లోనే. నేను పుట్టకముందు దాని నెత్తిమీద ఆకాశం ఉండేదట. కోతుల బాధ పడలేక తాత మూయించేశాడు. అప్పటినుంచీ పట్టపగలు కూడా ట్యూబులైట్లే.

అందుకని మా దుకాణంలో ఒక పద్ధతి నడిచేది. చీర నచ్చాక నాన్న దాన్ని రెండు చేతుల మీద వేసుకుని వీధిగుమ్మం దాకా నడిచేవాడు, కొనేవాళ్ళు వెనకాలే. గుమ్మం ముందు ఎండ పడే రాయి మీద నిలబడి, మూరెడు మడత విప్పి, రంగు పేరు పైకి చెప్పేవాడు. "ఇది వంగపండు." "ఇది చిలకాకుపచ్చ." ఆయన చెప్పాక ఇంక ఆ చీర రంగు అదే. దారినపోయేవాళ్ళు కూడా సైకిలాపి తల ఊపేవాళ్ళు. వేసవిలో ఆ రాయి అరికాళ్ళు కాల్చేది, అయినా ఎవరూ చెప్పులు వేసుకోవడానికి ఆగేవారు కాదు. వానాకాలంలో మబ్బు పడితే, పెళ్ళిచీర కొనడానికొచ్చినవాళ్ళు టీలు తాగుతూ ఎండ కోసం కూర్చునేవారు. ఎండ చూపించకుండా నాన్న పెళ్ళిచీర ఇచ్చిన రోజు నాకు గుర్తు లేదు.

ఆయన రంగు మాటకి వీధిలో అంత విలువ. పట్టుదారానికి రంగులద్దే ఒడియా ముసలాయన ఒకాయన వారానికోసారి చుట్టలుగా కట్టిన దారం చిలపలు భుజాన వేసుకుని వచ్చేవాడు. చీర ఒంటికి ఏది, అంచుకి ఏది అని నాన్న వేలితో చూపిస్తే, మగ్గాలవాళ్ళకి అవే వెళ్ళేవి.

నా పని మీద మాత్రం నాన్నకి ఎన్నడూ గౌరవం లేదు. "గోడలకి సీరలు కట్టే పని" అనేవాడు. ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే, నాకేసి చూసి, "ఏటి సేస్తావే నువ్వు?" అని నన్నే అడిగేవాడు. నేను కోపంతో లేచి వెళ్ళిపోయేదాన్ని.

అలాంటి మనిషి ఒకరోజు భోజనాల దగ్గర, కంచంలోంచి తల ఎత్తకుండా, "నడిమింటికి నీ రేకు ఎయ్యరాదేటే? ఎండ లోపలికొస్తాది గదా" అన్నాడు.

నేను నమ్మలేక అమ్మకేసి చూశాను. అమ్మ పప్పు వడ్డిస్తూ, "ఏస్తాదిలే, అన్నం తిననీ" అంది.

నాలుగు పాలరంగు పలకలు తెప్పించాను. పైకప్పు మధ్యలో చోటు కొట్టించి, ఇనుప చట్రం బిగించి, వడ్రంగిని మూడురోజులు నిద్రపోనివ్వకుండా వేయించాను. ట్యూబులైట్లు ఆపేశాక నడిమిల్లు నాకే కొత్తగా కనిపించింది. వెలుతురు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. ఎవరికీ నీడ లేదు. పరుపుల మీది చీరలు వాటంతట అవే వెలుగుతున్నట్టున్నాయి. నాన్న మధ్యలో నిలబడి, తల పైకెత్తి, చాలాసేపు చూశాడు. నేను ఆయనకేసి చూస్తూ నిలబడ్డాను.

"బాగుంది" అన్నాడు.

అంత వయసొచ్చి తండ్రి మెచ్చుకోలుకి మురిసిపోవడమేమిటని మీరు నవ్వచ్చు. నవ్వుకోండి. ఆ ఒక్క మాట మీద నేను నాలుగేళ్ళు బతికాను. కొత్త ఇల్లు ఒప్పుకోవడానికి వెళ్ళినప్పుడల్లా, ఎదుటివాళ్ళు సందేహిస్తే, మా దుకాణానికి తీసుకొచ్చి పైకి చూపించేదాన్ని. "రంగుల సంగతి తెలిసిన మా నాన్నే బాగుందన్నారు" అనేదాన్ని.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. పలకలు వేసిన మర్నాడు ఎవరో చీర నచ్చి, అలవాటుగా గుమ్మం వైపు లేవబోయారు. "ఎండలోకి ఎందుకండీ, ఎండే లోపలికొచ్చింది, ఇక్కడే చూడండి" అన్నాను. వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. నాన్న చీరని మళ్ళీ పరుపు మీద పరిచాడు. అలా రెండు తరాల పద్ధతి ఒక్క పూటలో ఆగిపోయింది. నాన్న పరుపు మీదే కూర్చుని రంగు చెప్పేవాడు, వాళ్ళు తల ఊపేవారు.

పోయిన మాఘంలో రామయ్యపట్నం నుంచి ఒకావిడ వచ్చింది. చేపల వేటకెళ్ళే ఇల్లు. పెద్దకూతురి పెళ్ళి. లేత పసుపు పట్టుచీరకి ఎర్ర అంచు కావాలంది. అలాంటి అంచుతో ఒకే మగ్గం మీద నేసినవి రెండున్నాయి. ఒకటి లేత పసుపు, ఇంకోటి మీగడ తెలుపు, అంచూ కొంగూ అచ్చు ఒకటే. నాన్న రెండూ పరిచాడు. ఆవిడ ఒకటి ముట్టుకుని, "ఇదేనా బాబూ పసుపుది?" అంది. నాన్న ఆ రెండింటినీ కాసేపు చూసి, "ఇదే" అని మడతపెట్టి ఇచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఏదో పలకల కొలతలు రాసుకుంటున్నాను.

మూడోరోజు పొద్దున్నే ఆవిడ బస్సు దిగి వచ్చింది. కోపంగా రాలేదు, అందుకే నాకు భయం వేసింది. లోపలికి రాకుండా గుమ్మం ముందు రాయి మీదే నిలబడి సంచీలోంచి చీర తీసి విప్పింది. తెల్లగా ఉంది. కొంచెం కూడా అనుమానం లేని తెలుపు.

"సావుకారు బాబూ, పెల్లికూతురికి తెల్లసీర ఇచ్చేరేటండి?" అంది. "ఇయ్యపురాలు సూస్తానంటే ఒడ్డుమీద ఎండలో ఇప్పేను. ఆవిడ మొకం అటు తిప్పీసింది. పెల్లికి ముందే తెల్లసీర ఏటని ఊరంతా అడగతన్నారు. మీ మాట మీద ఎండ సూడకుండా పట్టుకెల్లేను బాబూ."

నాన్న గుమ్మంలోకి వచ్చాడు. ఎండకి కళ్ళు చికిలించి, చీర అంచు వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు. ఏ రంగో చెప్పలేదు. అమ్మే లోపలికెళ్ళి, రెండో చీర తెచ్చి, ఎండలో పూర్తిగా విప్పి ఆవిడకి చూపించింది. అది పసుపు. దాంతోపాటు జాకెట్టు గుడ్డ, ఆకువక్క, పసుపూ కుంకుమా పెట్టి, చేతులు పట్టుకుని పంపింది. ఆవిడ మెట్టు దిగుతూ నాన్నకేసి చూసిన చూపులో తిట్టు లేదు. ఆశ్చర్యం ఉంది.

ఆవిడ వీధి మలుపు తిరగ్గానే అమ్మ నామీద విరుచుకుపడింది. "నీ రేకే! ఎప్పుడైనా ఇలాటిది జరిగిందేటి ఈ ఇంట్లో?"

నాన్న పరుపు మీద కూర్చుని, పైకి చూడకుండానే, "రేకు రంగు తినేస్తన్నాది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎండకి రంగు మారదని కంపెనీ కాగితంలోనే ఉంది, చూపించనా?" అన్నాను. కాగితం తెచ్చి చూపించాను కూడా. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, చదవకుండా మడిచి ఇచ్చేశాడు. పైకెక్కి నాలుగు పలకలూ సబ్బునీళ్ళతో కడిగాను. దుమ్మేమో అనుకున్నాను. దుమ్ము కాదు. కిందికి దిగి పసుపు చీరా తెల్లచీరా పక్కపక్కన పరిచి చూశాను. ఒకసారి వేరుగా కనిపించాయి. రెప్ప వేసి చూస్తే ఒకటిగానే ఉన్నాయి. ఎంతసేపు చూస్తే అంత గందరగోళంగా ఉంది. ముందే తెలిసి చూస్తున్నాను కాబట్టి తేడా కనిపిస్తోందా, ఉన్నదే కనిపిస్తోందా?

వీధిలో మాట పాకింది. గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డు లాడ్జి ఒకదానికి ముందుగది గోడంతా ఈ పలకలతో చేసేట్టు మాట అయింది. ఆ యజమాని ఫోను చేసి, "మీ షీటు రంగులు మింగేస్తాదటగా మేడమ్?" అన్నాడు. కాదని అరగంట చెప్పాను. ఆయన మర్యాదగా విని, మామూలు అద్దమే పెట్టించుకున్నాడు.

అంతకంటే నన్ను కలతపెట్టింది నాన్న. ఆ రోజునుంచి ఆయన రంగు పేరు చెప్పడం మానేశాడు. ఎవరైనా, "ఇది ఏ రంగండీ?" అంటే, "మీరే సూసుకోండమ్మా, బయటికెల్లి సూసుకోండి" అనేవాడు. చీర చేతుల మీద వేసుకుని తను లేచేవాడు కాదు. వాళ్ళే పట్టుకెళ్ళి గుమ్మంలో చూసుకుని, వాళ్ళలో వాళ్ళే ఏదో పేరు పెట్టుకునేవారు. నాన్న బల్ల దగ్గర కూర్చుని చేతులు చూసుకునేవాడు. ఆయన్ని అలా చూడటం నాకు కష్టంగా ఉండేది. నా పలక నిర్దోషి అని తేల్చేస్తే ఆయనకి ధైర్యం వస్తుందనుకున్నాను. ఎలా వస్తుందో ఆలోచించలేదు.

ఆ వారమే రంగులాయన చిలపలు తెచ్చాడు. పలక గొడవ ఉండకూడదని నేనే ఆయన్ని గుమ్మం ముందు రాయి మీద కూర్చోబెట్టి, నాన్నని బయటికి పిలిచాను. పొద్దున్న పది గంటలు. అంతకంటే మంచి ఎండ దేవుడు కూడా ఇవ్వలేడు. చిలపల్లో ఒకటి లేత పసుపు, ఒకటి రంగు వెయ్యని తెలుపు. నాన్న రెండూ అందుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే తుడుచుకుని, "రెండూ ఒకటే తెచ్చేవేటి?" అన్నాడు.

రంగులాయన నాకేసి చూశాడు. నేను ఆయనకేసి చూశాను. "హఉ, అవును బాబూ, పొరపాటు" అని ఒడియా కలిపి సణిగి, తెల్ల చిలప తీసి సంచీలో పడేసుకున్నాడు.

వెళ్ళేటప్పుడు నేను వీధి చివరిదాకా వెంటపడ్డాను. ఆయన ఆగి, వచ్చీరాని తెలుగులో, "అమ్మా, బాబుకి రంగు తెలియక రెండేళ్ళు అయింది. నేనే చూసి, నేనే కట్టి తెస్తున్నా. బాబుకి చెప్పకు" అన్నాడు.

ఇంటికి ఎలా నడిచివచ్చానో నాకు గుర్తు లేదు. నా పలక తప్పు లేదని తేలిపోయింది. సంతోషించాలి కదా? ఏడుపొచ్చింది. పలకది తప్పు కాకపోతే, తప్పు నాన్న కళ్ళది. ఊళ్ళో నలభై ఏళ్ళు ఏ మాట మీద తలెత్తుకు నడిచాడో ఆ మాట పోయినట్టే. అమ్మకి ఈ సంగతి తెలుసా, తెలిసే నామీద అరిచిందా? అది నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, "నీకన్నీ అనుమానాలే" అంటుంది.

రెండురోజులు మథనపడి, మూడోరోజు నాన్న దగ్గర కూర్చున్నాను. "నువ్వన్నదే నిజం నాన్నా. రేకుదే తప్పు. తీయించేస్తాను" అన్నాను.

ఆయన నాకేసి చాలాసేపు చూసి, "సరే" అన్నాడు.

వడ్రంగి వచ్చే దాకా మూడురోజులపాటు నా అంత గొప్ప కూతురు లోకంలో లేదన్నట్టు తిరిగాను. తండ్రి మాట నిలబెట్టడానికి ఇరవై ఏళ్ళ పేరు పోగొట్టుకుంటున్నాను కదా. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నామీద నాకే జాలేసి కళ్ళు తుడుచుకున్నాను కూడా.

వడ్రంగి పలకలు ఒక్కొక్కటే దించాడు. అటక మీద అప్పటి కోతలో మిగిలిన ముక్క ఒకటి నాలుగేళ్ళుగా గోనెగుడ్డలో చుట్టి పడుంది. ఎందుకో తెచ్చి దించిన పలక పక్కన పెట్టాను. మిగిలిన ముక్క పాలలా ఉంది. దించిన పలక పసుపు కలిపిన మజ్జిగలా ఉంది.

వడ్రంగి రెండూ చూసి, "ఇది షీటుదే తప్పు మేడమ్, నిజంగానే" అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ పలకల మధ్యే నేల మీద కూర్చుండిపోయాను. నా త్యాగం ఏమైనట్టు? లేని నేరాన్ని నెత్తిన వేసుకున్నాననుకున్నాను, అది నా నేరమే. మరి గుమ్మంలో, అంత ఎండలో, తెలుపూ పసుపూ ఒకటేనన్న నాన్న? అదీ నిజమే. ఆ రోజు చీర తారుమారు చేసింది ఎవరు? పలకా, కళ్ళా, ఎండలోకి వెళ్ళనివ్వని నా నోరా? ఎంత ఆలోచించినా దారపు చిక్కులా మళ్ళీ మొదటికే వచ్చేది.

ఇంక దాచి లాభం లేదనుకున్నాను. పాత పలకలోంచి అరచేయంత ముక్క కోయించి, కొత్త ముక్కతో పాటు పట్టుకెళ్ళి, గుమ్మంలో ఉన్న నాన్నకి ఇచ్చాను. "వీటిలో ఎండకి మాగింది ఏదో చెప్పు" అన్నాను. ఆయన రెండూ చేతుల్లో తిప్పి, "ఇది" అన్నాడు. సరిగ్గా పాతదే చూపించాడు. నా మతి పోయింది. కళ్ళు బాగానే ఉన్నాయా? రంగులాయనా నేనూ కలిసి ఏదో ఊహించుకున్నామా?

అప్పుడు ఆయన బొటనవేలు చూశాను. ముక్క మీద మెల్లగా రుద్దుతున్నాడు. ఎండకి పాత పలక పైపొర అరిగి, ఫైబరు పోగులు లేచి గరగరలాడుతోంది. ఆయన రంగు చూడలేదు, గరుకు చూశాడు. చీరలు కూడా ఎన్నాళ్ళుగా అలాగే చూస్తున్నాడో!

ముక్కలు ఆయన చేతుల్లోంచి తీసుకుని, మూరెడు దూరంలో పట్టుకుని, "ముట్టుకోకుండా చెప్పు నాన్నా" అన్నాను.

ఆయన మెడ ముందుకి చాపి చూశాడు. వీధిలో ఆటోలు పోతూనే ఉన్నాయి. చివరికి, "రెండూ ఒకటేనమ్మా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నాన్న నాకంటే చిన్నవాడిలా కనిపించాడు.

కళ్ళ డాక్టరు ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరిపోయి ఉన్నాయి. "ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చారండీ?" అని ఆయన అడిగితే, నాన్న గర్వంగా నవ్వాడు. ముందు కుడికన్నుకి చేశారు. ఎడమదానికి కార్తీకం తర్వాత చేద్దామన్నారు.

నల్లద్దాలు తీసేసిన వారంలో రామయ్యపట్నం ఆవిడ మళ్ళీ వచ్చింది. వస్తుందని మేమెవరం అనుకోలేదు. పెద్దకూతురికి సీమంతమట, పచ్చచీర కావాలంది. నాన్న నాలుగు చీరలు తీశాడు. ఆవిడ ఒకటి ఏరుకుంది. నాన్న లేచి దాన్ని రెండు చేతుల మీద వేసుకుని గుమ్మం వైపు నడిచాడు. ఆవిడ వెనకాల నడిచింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి బీరువా పక్కన నిలబడింది. నాన్న రాయి మీద నిలబడి, మూరెడు మడత విప్పి, ఎడమకన్ను మూసుకున్నాడు.

"చిలకాకుపచ్చ" అన్నాడు. మునుపటిలా వీధికి వినపడేట్టు.

"అదే బాబూ" అందావిడ. "ఈపాలి నాను కూడా సూసేన్లెండి."

నాన్న పకపకా నవ్వాడు. ఆయన అలా నవ్వి ఏడాది అయింది.

ఆవిడ వెళ్ళాక ఆయన లోపలికి రాలేదు. రాయి పక్కన మెట్టు మీద కూర్చుని, జేబులోంచి ఆ రెండు పలక ముక్కలూ తీశాడు. ఆయన దగ్గర ఉన్నాయని నాకు తెలియదు. ఒక కన్ను మూసి చూశాడు, తర్వాత రెండోది మూసి చూశాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఈ కంటికి ఇది తెలుపు, అది పసుపు" అన్నాడు. "ఆ కంటికి రెండూ ఒకటే. రెండు కల్లూ తెరిస్తే ఏటో తెల్దు."

"రెండోది కూడా చేయిస్తే సరిపోతుంది."

"నా కల్ల సంగతి నీకు ముందే తెలుసుగదే?" అన్నాడు. "రంగులాయన ఎల్లిపోయేక నీ మొకం సూసేను. మరి రేకుదే తప్పని ఎందుకన్నావు?"

ఏం చెప్పినా నా మూడురోజుల త్యాగం సంగతి బయటపడుతుంది. తప్పించుకోవడానికి, "నీకెప్పుడు తెలిసింది?" అని ఎదురడిగాను.

"నీ రేకు ఎయ్యకముందే" అన్నాడు. "గుమ్మంలో ఎండ కల్లల్లో గుచ్చుకునీది. లోపల సూస్తే సీకటి. మెత్తటి ఎండ లోపలికొస్తే మల్లీ అవుపడతాదేమో అనుకున్నాను. అందుకే నిన్ను ఎయ్యమన్నాను."

నా పని మీద నమ్మకంతో కాదు. నాకు ఆ క్షణంలో కోపం వచ్చిందో, జాలి వచ్చిందో, సిగ్గేసిందో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. నాలుగేళ్ళు నేను అందరికీ చెప్పుకు తిరిగిన మాట గుర్తొచ్చింది.

"మరి పైకి చూసి బాగుందన్నావు?" అన్నాను.

"ఆ రోజా?" నాన్న ముక్కల్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. "పైన ఏదో తెల్లగా ఉన్నాది. నువ్వు నాకేసే సూస్తన్నావు. బాగుందన్నాను."

నడిమింటి పైకప్పు చోటులో ఇంకా నీలం టార్పాలిన్ కట్టే ఉంది. లోపలినుంచి ట్యూబులైటు వెలుగు గుమ్మం దాకా పడుతోంది. నేను లేవబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకోటి తెప్పించి ఎయ్యి" అన్నాడు. "ఈసారి సూసి సెప్తాను."